కోటను మించిన పేట: బాగ్దాదు శివారు కర్ఖ్ చరిత్ర

మన మదరసాలలో ఫిఖహ్ చదివే విద్యార్థి చేతికి తొలి ఏళ్ళలోనే వచ్చే గ్రంథం 'ముఖ్తసరుల్ ఖుదూరీ'. నేనూ దానినే చదువుకున్నాను. గ్రంథకర్త పేరు చివర ఉన్న 'ఖుదూరీ' ఏమిటని ఒకనాడు ఉస్తాదుగారిని అడిగాను. 'ఖిద్ర్' అంటే వంటకుండ అనీ, 'ఖుదూర్' దాని బహువచనమనీ, కుండల వ్యాపారాన్నిబట్టి వచ్చిన పేరంటారనీ చెప్పి ఆయన పాఠంలోకి వెళ్ళిపోయారు. అంతటి ఇమాముకు కుండల పేరేమిటా అని ఆనాడు నాకు వింతగా తోచింది.

తరువాత అలాంటి పేర్లు చాలా కనిపించాయి. 'ఖస్సాఫ్' అంటే చెప్పులు కుట్టేవాడు. హిజ్రీ 261లో మరణించిన ఆ హనఫీ పండితుడు ఖలీఫా ముహ్తదీ కోసం ఖరాజు మీద గ్రంథం వ్రాసి కూడా తన చేతిపనితోనే పొట్టపోసుకున్నాడు. 'అహ్కాముల్ ఖుర్ఆన్' వ్రాసిన 'జస్సాస్' పేరుకు గచ్చుపనివాడని అర్థం. 'హల్లాజ్' అంటే దూదేకువాడు. మన తెలుగునాట 'దూదేకుల' అనే మాటను చిన్నచూపుతో పలికేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ పనిపేర్లను బిరుదుల్లా ధరించిన పండితులు ఒకప్పుడు ఒకే నగరంలో ఎందరో ఉండేవారు. ఆ నగరం బాగ్దాదు.

విశ్వవిద్యాలయంలో చేరాక ఖతీబ్ బగ్దాదీ (మరణం హిజ్రీ 463, క్రీ.శ. 1071) వ్రాసిన 'తారీఖె బగ్దాద్' చూశాను. అందులో దాదాపు 7,800 మంది జీవిత విశేషాలున్నాయి. ఆ పేర్ల చివరి మాటలను మాత్రమే చదువుతూ పోతే చాలు, నగరం ఎవరితో నిండిందో తెలిసిపోతుంది. మర్వజీ, బల్ఖీ, నీసాబూరీ, బస్రీ, కూఫీ, వాసితీ అని ఊళ్ళ పేర్లు. బజ్జాజ్, ఖత్తాన్, దబ్బాస్, సఫ్ఫార్, వర్రాఖ్ అని పనుల పేర్లు: బట్టలమ్మేవాడు, పత్తి వర్తకుడు, ఖర్జూరపు పాకం అమ్మేవాడు, ఇత్తడిపనివాడు, పుస్తకాలు నకలు తీసేవాడు. ఇంతకంటె మంచి జనాభా లెక్క ఆ కాలపు నగరాలలో మరి దేనికీ దొరకదేమో.

మరి వీరంతా ఎక్కడ నివసించారు? ఖలీఫా కట్టించిన ప్రసిద్ధమైన గుండ్రని కోటలో కాదు. కోట బయట నివసించారు. మన తెలుగువారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. కోట రాజుది, పేట జనానిది. గోల్కొండ కోటలో జనం పట్టక 1591లో మూసీకి ఆవలి ఒడ్డున హైదరాబాదు వెలసిన సంగతి మనకు తెలిసినదే. బాగ్దాదు కోటకు దక్షిణాన పెరిగిన అలాంటి పేట పేరు కర్ఖ్. అది ఎలా పెరిగింది, ఎవరితో నిండింది, ఎందుకు చీలింది అన్నదే ఈ వ్యాస విషయం.

పేరులోనే గోడ

'కర్ఖ్' అరబీ మాట కాదు. అది ఆ ప్రాంతపు పాత ప్రజలు మాట్లాడిన ఆరామీ భాషలోనిది. 'కర్ఖా' అంటే గోడగల పట్టణం. అందుకే ఇరాకులో ఆ పేరుగల ఊళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. బాగ్దాదు కూడా ఖలీఫాలు వచ్చాక పుట్టిన పేరు కాదు. అక్కడ ముందునుంచే ఒక సంత జరిగేది. హిజ్రీ 13లో ముసన్నా బిన్ హారిసా సేన ఆ 'సూఖె బగ్దాద్' మీద దాడి చేసినట్లు తబరీ వ్రాశారు. కాలువల పొడవునా నబతీ రైతుల పల్లెలు, నెస్టోరియన్ క్రైస్తవుల మఠాలు ఉండేవి. నగరానికి స్థలం వెదుకుతూ వచ్చిన ఖలీఫా మన్సూర్ ఒక రాత్రి అక్కడి మఠంలోనే బస చేశాడని కూడా తబరీ చెబుతారు.

అంటే పేట మొదటి నివాసులు అరబ్బులూ కారు, పారశీకులూ కారు. ఆ నేలమీదే పుట్టి, ఆ కాలువల నీటితోనే సేద్యం చేసుకుంటున్నవారు. మిగిలినవారందరూ తరువాత వచ్చి చేరినవారే.

బజారు కోట దాటిన వైనం

హిజ్రీ 145 (క్రీ.శ. 762)లో మన్సూర్ 'మదీనతుస్సలాం'కు పునాది వేశాడు. ముహూర్తం పెట్టినవారిలో ఒకరు నౌబఖ్త్ అనే పారశీకుడు, మరొకరు మాషాఅల్లా అనే యూదుడు. పనివారిని సిరియా, మోసుల్, కూఫా, వాసిత్, బస్రాల నుంచి రప్పించారు. ఇటుకలు ఒక్కొక్కటే లెక్కించే బదులు దొంతరను కర్రతో కొలిచి లెక్కకట్టే పద్ధతిని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) ప్రవేశపెట్టారని తబరీ వ్రాశారు. బస్రా, కూఫా, ఖురాసాన్, షామ్ పేర్లతో నాలుగు ద్వారాలు, నడుమ ఖలీఫా భవనం, జామె మస్జిదు. మొదట్లో అంగళ్ళన్నీ ఆ ద్వారాల లోపలి కమానుల కిందనే ఉండేవి.

పదేళ్ళు గడిచేసరికి ఖలీఫాకు ఆ అంగళ్ళు కంటగింపైనాయి. రూమీ రాయబారి ఒకడు కోటంతా చూసి, 'అంతా బాగుంది గాని మీ శత్రువులు మీతోపాటు లోపలే ఉన్నారు' అనే భావంతో వర్తకులను చూపాడని ఒక కథ. కొలిమి పొగలతో గోడలు నల్లబడ్డాయని మరొక కారణం చెబుతారు. వీటికంటె బలమైన కారణం వేరొకటి ఉంది. బజారు అధికారిగా ఉన్న ముహ్తసిబ్ అబూ జకరియ్యా యహ్యా అలవీల తిరుగుబాటును సమర్థించేవాడు. బజారు జనాన్ని ఆయన రెచ్చగొట్టాడని ఆరోపించి, ఆయనకు మరణశిక్ష విధించారు. హిజ్రీ 157 (క్రీ.శ. 773-774)లో బజారును మొత్తంగా ఎత్తి కర్ఖ్‌కు తరలించారు.

అయితే వెళ్ళగొట్టి వదిలేయలేదు. ఏ సరుకుకు ఏ వరుస అన్నది ఒక పటం మీద గీయించారు. కసాయివారిని అన్నిటికంటె చివర ఉంచమని, వారి చేతిలో ఎప్పుడూ కత్తి ఉంటుందని ఖలీఫా హెచ్చరించినట్లు ఖతీబ్ వ్రాశారు. బజారువారు జుమాకు కోటలోకి రానక్కర లేకుండా బయటనే ఒక జామె మస్జిదు కట్టించారు. అది సదుపాయమూ కావచ్చు, భయమూ కావచ్చు. మన్సూర్ బతికినంతకాలం అంగళ్ళ మీద పన్ను వేయలేదు. హిజ్రీ 167లో మహ్దీ వేశాడు. ఒక శివారు నగరంగా ఎదగటానికి కావలసినవన్నీ ఈ వరుసలో కనిపిస్తాయి: నీరు, చోటు, మస్జిదు, కొంతకాలం పన్ను లేకపోవటం.

ఎవరెవరు వచ్చారు

హిజ్రీ 278 (క్రీ.శ. 891)లో 'కితాబుల్ బుల్దాన్' వ్రాసిన యాఖూబీ బాగ్దాదులో పుట్టినవారు. ఆయన వ్రాసినదాన్ని బట్టి, కోట బయటి భూమిని నాలుగు భాగాలుగా చేసి ఒక్కొక్కదానిని ఒక్కొక్క అధికారికి అప్పగించారు. పెద్ద వీధి వెడల్పు 50 మూరలు, సందు వెడల్పు 16 మూరలు ఉండాలని, ప్రతి వాడకూ సరిపడే మస్జిదులు, స్నానశాలలు, అంగళ్ళు ఉండాలని నియమం పెట్టారు.

ఉత్తరాన హర్బియ్యాలో ఖురాసాన్ సైనికులు దిగారు. బల్ఖ్ వారు, మర్వ్ వారు, బుఖారా వారు, ఖ్వారజ్మ్ వారు, కాబూలు వారు ఎవరి వాడలో వారు ఉండేవారు. ప్రతి జనానికీ ఒక సేనానాయకుడు, ఒక పెద్ద ఉండేవారని యాఖూబీ చెబుతారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) కుటుంబం మర్వ్ నుంచి వచ్చినదే. హిజ్రీ 164లో ఆయన బాగ్దాదులో జన్మించారు. ఏ హంబలీలు తరువాత తాము బాగ్దాదు అసలు జనమని భావించుకున్నారో, వారి ఇమాము ఇంటివారు కూడా ఒకనాడు మూటాముల్లె సర్దుకుని వచ్చినవారేనని దీనివల్ల తెలుస్తుంది.

దక్షిణాన కర్ఖ్‌లో సైన్యం కాదు, పని జనాన్ని చేర్చింది. పొడవు రెండు ఫర్సఖులు, వెడల్పు ఒక ఫర్సఖు ఉన్న ఆ పేటలో ప్రతి వృత్తికీ తన వీధి ఉండేదని, ఒక వృత్తివారు మరొకరితో కలిసేవారు కారని యాఖూబీ వ్రాశారు. ఫర్సఖు ఇంచుమించు ఆరు కిలోమీటర్లు. కాలువలకు కూడా వృత్తుల పేర్లే పెట్టారు. కోళ్ళ కాలువ, బట్టల వర్తకుల కాలువ, వేపుళ్ళవారి కాలువ. ఫురాత్ నుంచి ఈసా కాలువ మీదుగా రఖ్ఖా, సిరియా, ఈజిప్టుల పిండి, సరుకులు పడవల్లో నేరుగా అంగళ్ళ ముందుకు వచ్చేవి. ఖూజిస్తాన్‌లోని తుస్తర్ నుంచి వచ్చిన నేతగాళ్ళకు పడమటి ఒడ్డున సొంత వాడే ఉండేది. దాని పేరే తుస్తరియ్యీన్. మన చేనేత వాడలు గుర్తుకు వస్తాయి.

కర్ఖాయా కాలువ మీద యూదుల పేరుతో ఒక వంతెన ఉండేది. యూదుల ప్రాచీన విద్యాపీఠాలు సూరా, పుంబెదితా క్రీ.శ. తొమ్మిదవ శతాబ్ది చివరకు బాగ్దాదుకు తరలివచ్చాయి. పదవ శతాబ్ది ఆరంభంలో వజీరు ఇబ్నుల్ ఫురాత్‌కు డబ్బు సర్దిన యూసుఫ్ బిన్ ఫిన్హాస్, హారూన్ బిన్ ఇమ్రాన్ యూదులు. క్రైస్తవుల పెద్ద తిమోతి తన పీఠాన్ని బాగ్దాదుకు మార్చుకున్నాడు. హర్రాన్ నుంచి నక్షత్రాలను ఆరాధించే సాబియన్లు వచ్చి వైద్యులుగా, లేఖకులుగా స్థిరపడ్డారు. మారూఫ్ కర్ఖీ (మరణం హిజ్రీ 200) తలిదండ్రులు క్రైస్తవులని, ఆయన ఇమామ్ అలీ రిజా చేతిమీద ఇస్లాం స్వీకరించారని సూఫీ చరిత్రకారులు వ్రాస్తారు. ఆయన సమాధి నేటికీ బాగ్దాదు పడమటి ఒడ్డున ఉంది.

అనువాదమే వృత్తిగా గల నాకు వీరందరిలో దగ్గరివాడుగా తోచేది యహ్యా బిన్ అదీ (మరణం క్రీ.శ. 974). ఆయన క్రైస్తవుడు, ఫారాబీ శిష్యుడు, సిరియాక్ నుంచి అరబీలోకి తర్కశాస్త్రాన్ని అనువదించినవాడు. బతుకుతెరువు కోసం మాత్రం నకళ్ళు వ్రాసేవాడు. తబరీ ఖుర్ఆన్ వ్యాఖ్యానం ఎన్ని సంపుటాలో పాఠకులకు తెలుసు. దానిని మొత్తంగా రెండుమార్లు నకలు తీశానని, పగలూ రాత్రీ కలిపి నూరు పత్రాలు వ్రాయగలనని ఆయన తనతో చెప్పినట్లు ఇబ్నున్ నదీమ్ 'ఫిహ్రిస్త్'లో పేర్కొన్నారు. ఇబ్నున్ నదీమ్ కూడా అదే వృత్తివాడు. ఆ ప్రాంతంలో నూరుకు పైగా పుస్తకాల అంగళ్ళుండేవని యాఖూబీ లెక్క. ఒక క్రైస్తవుని దస్తూరీలో ఉన్న ఖుర్ఆన్ వ్యాఖ్యానాన్ని ముస్లిం పాలకులు కొని చదువుకున్నారు. దానిని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. దస్తూరీ బాగుందా, తప్పులు లేవా అన్నదే వారికి ముఖ్యమయింది.

స్నానశాలలతో జనాభా లెక్క

ఆ కాలంలో జనాభాను ఇల్లిల్లూ తిరిగి లెక్కించేవారు కారు. స్నానశాలలను లెక్కించేవారు. ఒకప్పుడు బాగ్దాదులో 60,000 హమ్మాములుండేవని ఖతీబ్ ఒక కథనాన్ని ఉల్లేఖించారు. ఒక్కొక్క దానికి తక్కువలో తక్కువ అయిదుగురు: యజమాని, పరిచారకుడు, చెత్త ఎత్తేవాడు, పొయ్యి మండించేవాడు, నీళ్ళు మోసేవాడు. అంటే 3,00,000 మంది. ఒక్కొక్క హమ్మాముకు అయిదు మస్జిదులు, ఒక్కొక్క మస్జిదుకు అయిదుగురు చొప్పున వేస్తే 15,00,000 మంది.

ఇవి నమ్మదగిన అంకెలు కావు. పడమటి ఒడ్డుకు యాఖూబీ 6,000 వీధులు, 30,000 మస్జిదులు, 10,000 హమ్మాములని వ్రాశారు. అదీ ఎక్కువే. నేటి చరిత్రకారులు కొన్ని లక్షల జనాభాతో సరిపెట్టుకుంటారు. అయినా ఆ లెక్క కట్టిన తీరు గమనించదగినది. నీళ్ళు మోసేవాడినీ, చెత్త ఎత్తేవాడినీ వదలకుండా లెక్కలోకి తీసుకుంది. కులమూ మతమూ అడగలేదు. స్నానం అందరికీ కావలసినదే గదా.

ఇంతకంటె గట్టి అంకె ఒకటి ఉంది. క్రీ.శ. 931లో ఒక వైద్యుని పొరపాటువల్ల ఒక మనిషి మరణించగా, పరీక్ష నెగ్గనిదే ఎవరూ వైద్యం చేయరాదని ఖలీఫా ముఖ్తదిర్ ఆజ్ఞాపించాడు. రెండు ఒడ్డులలో కలిపి 860 మందికి పైగా పరీక్షకు వచ్చారు. పేరుపొందిన వైద్యులు, రాజోద్యోగులు ఈ లెక్కలో లేరు. ఆ పరీక్షాధికారి సినాన్ బిన్ సాబిత్, హర్రాన్ సాబియన్ల కుటుంబంలో పుట్టినవాడు.

పేటే నగరమైంది

కోటకు మాత్రం కాలం కలిసి రాలేదు. క్రీ.శ. 812-813లో అమీన్, మామూన్ సోదరుల యుద్ధంలో బాగ్దాదు ఏడాదికి పైగా ముట్టడిలో చిక్కుకుంది. గుండ్రని కోట దెబ్బతిన్నది. క్రీ.శ. 836లో ముఅతసిమ్ రాజధానిని సామర్రాకు తరలించాడు. 892లో ఖలీఫాలు తిరిగివచ్చినా తూర్పు ఒడ్డునే భవనాలు కట్టుకున్నారు. గుండ్రని కోట ఇటుకకు ఇటుకగా శిథిలమైపోయింది. భద్రత కోసం వెళ్ళగొట్టిన బజారు మాత్రం నిలిచి, నగరానికి పొట్టపోసింది. నేడు ఆ కోట ఎక్కడుండేదో చూపటానికి నేలమీద ఆనవాలు లేదు. కర్ఖ్ పేరు మాత్రం బాగ్దాదు పడమటి సగానికంతటికీ నిలిచిపోయింది.

పేరు అర్థం మారిన వేళ

ఇంతవరకు చెప్పిన జనం పోట్లాడుకోలేదని కాదు. ధరలకు పోట్లాడారు, సైనికుల దౌర్జన్యానికి పోట్లాడారు. కాని 'కర్ఖ్ వాడు' అంటే వర్తకుడు, పనివాడు అనే అర్థం ఉండేది. క్రీ.శ. 945లో బువైహీలు బాగ్దాదును స్వాధీనం చేసుకున్నాక ఆ అర్థం మారసాగింది.

క్రీ.శ. 963లో ముఇజ్జుద్దౌలా ఆషూరా నాడు అంగళ్ళు మూసి బహిరంగంగా శోకం పాటించాలని ఆజ్ఞాపించాడు. అదే ఏడు గదీర్ పండుగ జరిపించాడు. కర్ఖ్‌లోని షియాలు దానిని ఆనందంతో స్వీకరించారు. పొరుగున బాబుల్ బస్రాలోని సున్నీలకు అది కష్టంగా తోచింది. క్రమంగా వారూ పోటీ దినాలు ఏర్పరచుకున్నారు. గదీర్‌కు బదులు గుహ దినం, ఆషూరాకు బదులు ముస్అబ్ బిన్ జుబైర్ వర్ధంతి. హిజ్రీ 362 (క్రీ.శ. 972-973)లో ఒక వజీరు ఆజ్ఞతో కర్ఖ్‌కు నిప్పు పెట్టారు. 17,000 మంది మరణించారని, 300 అంగళ్ళు, 33 మస్జిదులు కాలిపోయాయని ఇబ్నుల్ అసీర్ వ్రాశారు. అంకెల మాట ఎలా ఉన్నా, జనాన్ని రక్షించవలసిన ప్రభుత్వమే ఆ నిప్పు పెట్టింది.

అయినా పాత బాగ్దాదు వెంటనే చావలేదు. క్రీ.శ. 990వ దశకం మొదట్లో వజీరు సాబూర్ బిన్ అర్దషీర్ కర్ఖ్‌లో 'దారుల్ ఇల్మ్' స్థాపించి పదివేలకు పైగా గ్రంథాలు చేర్చాడు. క్రీ.శ. 1009లో బాగ్దాదు వచ్చిన అంధకవి మఅర్రీ అందులో విద్యావంతులతో గోష్ఠి జరిపారు. ప్రవక్త (స) వంశీయుడు, షియా పండితుడు షరీఫ్ రజీ, తన మిత్రుడైన అబూ ఇస్హాఖ్ సాబీ క్రీ.శ. 994లో మరణించినపుడు స్మృతిగీతం వ్రాశారు. సాబియన్ కోసం సయ్యద్ శోకించటమా అని కొందరు ఆక్షేపించగా, తాను ఆయన యోగ్యతకు శోకించానని రజీ జవాబిచ్చారు. ఆ సాబీ రమజాన్‌లో ముస్లింలతోపాటు ఉపవాసముండేవాడని, ఖుర్ఆన్ కంఠస్థం చేశాడని చెబుతారు. ఆయన మనుమడు, చరిత్రకారుడు హిలాల్ తరువాత ఇస్లాం స్వీకరించారు.

గోడ, సంధి, ద్వారం

ఇక మూడు సంవత్సరాల కథ చెప్పాలి. ఈ వ్యాసానికి అదే ప్రాణం.

హిజ్రీ 441 (క్రీ.శ. 1049). ఆషూరా శోకాన్ని నిషేధించారు. కర్ఖ్ వారు వినలేదు, కొట్లాట జరిగింది. దానితో కర్ఖ్ వారు తమ పేట చుట్టూ గోడ కట్టుకోవటం మొదలుపెట్టారు. అది చూసి వేపుళ్ళవారి కాలువ సున్నీలు తమ బజారు చుట్టూ గోడ లేపారు. రెండు వైపులా డోళ్ళు మోగిస్తూ, పండుగలాగా ఇటుకలు మోశారు. పేరుకే గోడగల పట్టణమైన కర్ఖ్‌కు నిజంగానే గోడ వచ్చింది. కాలువలో పడవ ఒకటే, బజారులో సరుకు ఒకటే, నడుమ మాత్రం ఇటుకల వరుస.

హిజ్రీ 442 (క్రీ.శ. 1050). కఠినుడుగా పేరుపడ్డ నసవీ అనే అధికారిని రక్షకభటుల పెద్దగా నియమించబోతున్నారని తెలిసి, రెండు వాడలవారూ అతనిని రానీయరాదని ఏకమయ్యారు. ఆపైన జరిగినది ఎవరూ ఊహించనిది. కర్ఖ్‌లో సహాబాల (రజి) ఘనతను కొనియాడారు, సున్నీల అజాన్ పలికారు. వేపుళ్ళవారి కాలువ మస్జిదులో షియాల అజాన్ వినిపించింది. ఇరువురూ కలిసి హజ్రత్ అలీ (రజి), హజ్రత్ హుసైన్ (రజి)ల సమాధుల సందర్శనకు బయలుదేరారు. నిన్నటి శత్రువులు ఒకే బాటన నడిచారు. ఏ పండితుడూ ఈ సంధి కుదర్చలేదు, ఏ సుల్తానూ ఆజ్ఞాపించలేదు. జనమే కుదుర్చుకున్నారు.

హిజ్రీ 443 (క్రీ.శ. 1051). కర్ఖ్ వారు చేపలవారి ద్వారం వద్ద బురుజులు కట్టి, దైవప్రవక్త (స), హజ్రత్ అలీ (రజి) మానవులలో శ్రేష్ఠులనే భావంగల వాక్యం బంగారు అక్షరాలతో వ్రాయించారు. దాని కింద ఒప్పుకోనివాడు అవిశ్వాసి అని కూడా వ్రాశారని సున్నీలు ఆరోపించారు. కర్ఖ్ వారు కాదన్నారు. ఖలీఫా ఇద్దరు పెద్దలను విచారణకు పంపాడు. ఒకరు అబ్బాసీల పెద్ద, మరొకరు అలవీల పెద్ద అద్నాన్, అంటే షరీఫ్ రజీ కుమారుడు. కర్ఖ్ వారి మాటే నిజమని ఇద్దరూ వ్రాసి ఇచ్చారు. వినేవారెవరు? దిజ్లా నీరు కర్ఖ్‌కు పోనీయకుండా అడ్డుకున్నారు. కర్ఖ్ వారు అభ్యంతరం చెప్పిన మాటను చెరిపి దాని చోట 'అలైహిమస్సలాం' వ్రాశారు. ఆ పేర్లున్న ఇటుకే తీసేయాలని అవతలివారు పట్టుపట్టారు. ఒక హాషిమీ చనిపోగా అతని అంత్యక్రియల నుంచి మరలిన గుంపు ఇమామ్ మూసా కాజిమ్ సమాధి మందిరాన్ని తగులబెట్టింది. ప్రతిగా కర్ఖ్ గుంపు ఒక హనఫీ అధ్యాపకుని చంపి, హనఫీల వసతిగృహాన్ని కాల్చింది. కుండల పేరుగల ఇమాము ఖుదూరీ అంతకు పద్నాలుగేళ్ళ ముందే ఆ నగరంలో కన్నుమూశారు. ఇది ఆయన కళ్ళబడలేదు.

క్రీ.శ. 1055లో సల్జూక్ సుల్తాను తుగ్రుల్ వచ్చాడు. షియా పండితుడు షేఖ్ తూసీ ఇల్లు దోపిడీ అయింది, ఆయన పుస్తకాలు కాల్చారు. ఆయన నజఫ్‌కు వెళ్ళిపోయారు. 1059 నాటికి దారుల్ ఇల్మ్ కూడా అగ్గిపాలయింది. మిగిలిన పుస్తకాలలో మంచివి ఏరి సల్జూక్ వజీరు పట్టుకుపోయాడు. హమ్మాముల సంఖ్య వేలనుంచి వందలకు దిగింది.

మిగిలినది

క్రీ.శ. 1184లో ఇబ్న్ జుబైర్ చూసేసరికి పడమటి ఒడ్డు చాలాభాగం పాడుపడింది. పదిహేడు వాడలు మిగిలాయి, ప్రతిదీ ఒక వేరు ఊరులాగా ఉంది, ఎనిమిదింట వేరు వేరుగా జుమా నమాజు జరుగుతోంది అని ఆయన వ్రాశారు. మరి కొంత కాలానికి యాఖూత్ (మరణం క్రీ.శ. 1229) వ్రాసినది చదివితే మనసు చివుక్కుమంటుంది. పాడుదిబ్బల నడుమ ఒంటరిగా ఉన్న వాడ కర్ఖ్. అందులో అందరూ షియాలే. చుట్టూ ఉన్న వాడలలో అందరూ సున్నీలే. మర్వజీ, బల్ఖీ, బజ్జాజ్, వర్రాఖ్ అనే వందల పేర్లు పోయి, రెండే పేర్లు మిగిలాయి. క్రీ.శ. 1256లో ఖలీఫా సైన్యమే కర్ఖ్‌ను కొల్లగొట్టింది. రెండేళ్ళకు మంగోలులు వచ్చి, ఎవరు ఏ వాడవారో అడగకుండా నరికారు.

బాగ్దాదు ఒకరి మీద ఒకరికి ప్రేమ పొంగి పెరిగిన నగరమని చెబితే అది అబద్ధం. బల్ఖీకి మర్వజీ మీద ప్రేమ ఉండనక్కర లేకపోయింది. ఒకరి పిండి మరొకరికి కావాలి, ఒకరి దస్తూరీ మరొకరికి కావాలి, కాలువ అందరిదీ. మనిషికి ఒకేసారి నాలుగైదు పేర్లుండేవి: ఊరిది, వృత్తిది, వీధిది, మజ్‌హబుది. ఒకదానితో తగాదా వస్తే మరొకదానితో కలిసేవారు. మిగిలిన పేర్లన్నీ చెరిగిపోయి ఒక్కటే మిగిలినపుడు పేట చచ్చిపోయింది. వైవిధ్యం దానిని చంపలేదు, వైవిధ్యం తగ్గటమే చంపింది. పాలకులు అగ్గి రాజేసిన మాట నిజమే. కాని ఇటుకలు మోసింది మాత్రం ఇరుగుపొరుగువారే.

2007 ఏప్రిల్‌లో బాగ్దాదు వాడల నడుమ మళ్ళీ గోడలు లేచాయి. ఈసారి ఇటుక కాదు, కాంక్రీటు. ఇమామ్ అబూ హనీఫా సమాధిగల ఆజమియ్యా కూడా అలా గోడ మధ్య చిక్కుకుంది. తరువాతి సంవత్సరాలలో వాటిలో చాలావాటిని తీసివేశారు.

నేను చిన్నప్పుడు మా జిల్లా నుంచి రైలెక్కితే ఎదుటి సీటువారు అడిగే మొదటి ప్రశ్న 'మీదే ఊరు బాబూ?' అని. తరువాత ఏం చేస్తారు, ఎవరి తాలూకు అని. నేడు మన నగరాల శివార్లలో కొత్త కాలనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. అక్కడ ఎవరిని కలిసినా 'ఏ కాలనీ?' అని అడుగుతారు. కాలనీ పేరు చెప్పగానే తల ఊపి ఊరుకుంటారు. ఆపైన అడగవలసినది లేదనుకుంటారు. మనవాళ్ళూ అలాగే అడుగుతున్నారు, ఎదుటివారూ అలాగే అడుగుతున్నారు. అలా అడిగినప్పుడల్లా నాకు డోళ్ళు మోగిస్తూ ఇటుకలు మోసిన ఆ కర్ఖ్ జనం గుర్తుకు వస్తారు. వెంటనే నేను మాట మార్చి, 'మీరేం పని చేస్తారండీ?' అని అడుగుతాను.